రాయి కింద ఎవరున్నారు? చిన్నపిల్లలకు ఆవరణ వ్యవస్థ అర్థమయ్యే దారి

చాలాకాలంగా ఎవరూ కదపకుండా తడినేల మీద పడి ఉన్న ఒక రాయిని ఎత్తి చూడండి. మొదటి రెండు మూడు సెకన్లలోనే సగంమంది పారిపోతారు. జెర్రి సర్రుమని సందులోకి దూరుతుంది. వానపాము ఒళ్ళు ముడుచుకుని వెనక్కి జారుకుంటుంది. చీమలు తెల్లటి చిన్న చిన్న మూటల్లాంటివాటిని నోట కరుచుకుని హడావుడిగా లోపలికి మోసుకుపోతాయి. పిల్లలు వాటిని గుడ్లనుకుంటారు కానీ అవి చాలావరకు ఎదుగుతున్న చీమ పిల్లలే. అసలు గుడ్లు ఇంకా చాలా చిన్నవి. గొడవంతా సద్దుమణిగాక ఇంకాస్త వంగి చూస్తే కుళ్ళిన ఆకులకీ మట్టికీ మధ్య సన్నని తెల్లటి దారాలు అల్లుకుని కనిపిస్తాయి. అది బూజు.

మా పాపకు ఐదేళ్ళప్పుడు మొదటిసారి ఇలా ఒక రాయి ఎత్తి చూపించాను. పేర్లు అడుగుతుందేమో అనుకున్నాను. అడగలేదు. "అమ్మా, వీళ్ళంతా ఒకే ఇంట్లో ఉంటారా? కొట్టుకోరా?" అంది. నేను బోలెడు చదివి సిద్ధం చేసుకున్న వివరణకంటే ఆ రెండు ప్రశ్నలే సూటిగా ఉన్నాయి. జర్మన్ శాస్త్రవేత్త ఎర్నెస్ట్ హెకెల్ 1866లో ఈ శాస్త్రానికి పేరు పెడుతూ తీసుకున్నది కూడా ఇల్లు అనే అర్థమున్న గ్రీకు మాటనే. ఎకాలజీ అంటే ఇంటి గురించిన చదువు అన్నమాట.

మనం మామూలుగా చేసే పని వేరు. బొమ్మల చార్ట్ ఒకటి గోడకు తగిలిస్తాం. ఇది పులి, అడవిలో ఉంటుంది. ఇది చేప, నీళ్ళలో ఉంటుంది. ఇవి శాకాహారులు, ఇవి మాంసాహారులు. పిల్లలు చకచకా అప్పజెప్పేస్తారు, మనకు సంతోషంగా ఉంటుంది. కానీ ఇది ఇంట్లో ఉన్నవాళ్ళ జాబితా మాత్రమే. ఎవరు ఎవరికి ఏమవుతారో, ఎవరు లేకపోతే ఎవరికి పొద్దు గడవదో ఆ చార్ట్‌లో ఉండదు. ఆవరణ వ్యవస్థ అంటే ఆ చుట్టరికమే. బ్రిటిష్ వృక్ష శాస్త్రవేత్త ఆర్థర్ టాన్స్లీ 1935లో ఈ మాట వాడినప్పుడు గట్టిగా చెప్పింది ఒకటుంది: జీవుల్ని ఒక్కటే తీసి చూస్తే లాభం లేదు, వాటి చుట్టూ ఉన్న మట్టి, నీరు, ఎండ, గాలి కూడా కలిపితేనే అది ఒక వ్యవస్థ. రాయి ప్రాణం లేనిదే కావచ్చు, కానీ దాన్ని తీసేస్తే కింద తడి ఆరిపోతుంది, తడి ఆరితే వానపాము ఉండదు. ఐదేళ్ళ పిల్లకు ఈ మాత్రం చెబితే ఇట్టే అర్థమవుతుంది.

పిల్లల లెక్కలో ప్రాణం అంటే

ఏదైనా చెప్పబోయే ముందు వాళ్ళ బుర్రలో అప్పటికే ఏముందో తెలుసుకోవాలి. అక్కడ ఖాళీ ఉండదు. వాళ్ళ సొంత సిద్ధాంతాలు ఉంటాయి, చాలా గట్టిగా ఉంటాయి.

కదిలేది బతికున్నది, కదలనిది బతికిలేనిది. చిన్నపిల్లల మొదటి లెక్క ఇది. స్విట్జర్లాండ్‌కు చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త జాఁ పియాజే దాదాపు వందేళ్ళ కిందటే పిల్లలతో మాట్లాడి, సూర్యుడికీ మబ్బుకీ కూడా ప్రాణం ఉందని వాళ్ళు ఎందుకంటారో రాశాడు. అవి కదులుతాయి కదా! అదే లెక్కలో చెట్టు వెనకబడిపోతుంది. అది నడవదు, అరవదు, తినడం కనబడదు. నాలుగైదేళ్ళ పిల్లల్లో చాలామంది చెట్టుకు ప్రాణం ఉందంటే అనుమానంగా చూస్తారు. ఇది పిల్లల సమస్య మాత్రమే కూడా కాదు. పెద్దవాళ్ళకు అడవి ఫొటో చూపించి ఏముందని అడిగితే ముందు జింక అంటారు, చుట్టూ ఉన్న వంద మొక్కలు ఎవరి కంటికీ ఆనవు. అమెరికాలో ఇద్దరు పరిశోధకులు 1999లో దీనికి 'మొక్కల అంధత్వం' అనే అర్థం వచ్చే పేరే పెట్టారు.

రెండో లెక్క ఇంకా తమాషాగా ఉంటుంది. ప్రతిదీ ఎవరికోసమో ఉంది అనుకుంటారు. రాళ్ళు మొనదేలి ఎందుకుంటాయి? జంతువులకు దురద పుడితే గోక్కోవడానికి! అమెరికన్ పరిశోధకురాలు డెబొరా కెలెమెన్ 1990ల చివర్లో పిల్లల్ని ఇలాంటి ప్రశ్నలే అడిగి, వాళ్ళు ఎటువైపు మొగ్గుతారో చూపించింది. మనమూ తెలియకుండానే ఆ ఆలోచనకు నీళ్ళు పోస్తుంటాం. చెట్లు మనకు గాలి ఇవ్వడానికి ఉన్నాయి, తేనెటీగలు మనకు తేనె ఇవ్వడానికి ఉన్నాయి అంటాం. చెట్టుకు ఆ ఉద్దేశమేమీ లేదు. అది తన తిండి తాను చేసుకుంటుంటే ఆక్సిజన్ బయటికి వస్తుంది. తేనెటీగ తన గూటిలో వాళ్ళకోసం దాచుకుంటుంది. "ఇది మనకెందుకు పనికొస్తుంది?" అని కాకుండా "ఇది తన కోసం ఏం చేసుకుంటోంది? అందులోంచి ఇంకెవరికి ఏం దొరుకుతోంది?" అని అడగడం మొదలుపెట్టాక మా ఇంట్లో మాటలే మారిపోయాయి.

చెట్టు ఏం తింటుంది

ఈ అంశం మొత్తంలో అన్నిటికంటే పెద్ద ముడి ఇదే, అందుకే దీని దగ్గర కాసేపు ఆగుదాం. ఏ పిల్లనైనా అడగండి, చెట్టు వేళ్ళతో మట్టిని తిని పెరుగుతుంది అంటుంది. చాలామంది పెద్దవాళ్ళూ లోలోపల అదే నమ్ముతారు. ఎరువును 'మొక్క తిండి' అనడం వల్ల ఆ నమ్మకం ఇంకా గట్టిపడుతుంది.

యాన్ బాప్టిస్ట్ వాన్ హెల్మాంట్ అనే వైద్యుడు చేసిన ప్రయోగం పిల్లలకు కథలా చెప్పొచ్చు. అతను ఎండబెట్టిన మట్టిని 200 పౌండ్లు, అంటే సుమారు 90 కిలోలు తూచి ఒక తొట్టిలో పోశాడు. అందులో 5 పౌండ్ల విల్లో మొక్కను నాటి, అయిదేళ్ళపాటు నీళ్ళు మాత్రమే పోశాడు. అయిదేళ్ళయ్యాక చెట్టు 169 పౌండ్లు తూగింది. 76 కిలోలకు పైమాటే. మరి మట్టి? ఎండబెట్టి మళ్ళీ తూస్తే తగ్గింది కేవలం 2 ఔన్సులు. యాభై అరవై గ్రాములు! ఇక్కడ కథ ఆపి పిల్లల్ని అడగాలి: మట్టి అలాగే ఉంది కదా, మరి ఇంత చెట్టు ఎక్కణ్ణుంచి వచ్చింది?

నీళ్ళలోంచి అంటారు. వాన్ హెల్మాంట్ కూడా అదే అనుకున్నాడు. అతను చనిపోయాక 1648లో అచ్చయిన పుస్తకంలో అదే ఉంది. అది సగమే నిజం. మిగతా సగం గాలిలోంచి వచ్చింది. ఆకు గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను లోపలికి తీసుకుని, వేళ్ళు పంపిన నీళ్ళతో కలిపి, ఎండ బలంతో చక్కెర చేసుకుంటుంది. ఆ చక్కెరతోనే కాండం, కొమ్మ, గింజ అన్నీ కట్టుకుంటుంది. ఎండిన కట్టె బరువులో దాదాపు సగం కార్బనే, అదంతా ఒకప్పుడు గాలిలో తిరిగినదే. మట్టి నుంచి చెట్టు తీసుకునేది కొద్దిపాటి ఖనిజాలు. తక్కువే అయినా అవి లేకపోతే పని నడవదు. చెట్టు గాలితో తయారైంది అని చెబితే పిల్లలు కళ్ళు పెద్దవి చేసుకుని మానును తడిమి చూస్తారు. ఆరేళ్ళ లోపు పిల్లలకు కిరణజన్య సంయోగక్రియ అనే మాట అక్కర్లేదు. 'ఆకు ఒక వంటగది, ఎండ పొయ్యి' అంటే చాలు. మాట తర్వాత ఎప్పుడైనా నేర్చుకుంటారు. కానీ 'మొక్క మట్టిని తింటుంది' అనే తప్పును మాత్రం అప్పుడే మొగ్గలో తుంచాలి. అది ఉంటే పైన చెప్పేవన్నీ వంకరగా కూర్చుంటాయి.

ఇది కుదిరాక ఆహారపు గొలుసు చెప్పడం తేలిక. అందరి భోజనమూ ఆ ఆకు వంటగదిలోంచే బయలుదేరుతుంది. ఒక్క జాగ్రత్త కావాలి. గొలుసు బొమ్మలో బాణం ఎటు గీయాలన్న దగ్గర పిల్లలు, ఒక్కోసారి మనమూ, తడబడతాం. మిడత గడ్డిని తింటుంది కాబట్టి మిడత నుంచి గడ్డి వైపు గీసేస్తారు. బాణం తిండి వెళ్ళే దారిని చూపాలి, గడ్డి నుంచి మిడత వైపు. "తిండి ఎవరి పొట్టలోకి పోయింది?" అని అడిగితే బాణం దానంతటదే సరైన దిక్కుకు తిరుగుతుంది.

గద్దలు ఎందుకు తక్కువ

మిడతలు వేలల్లో కనబడతాయి, గద్ద ఎప్పుడో ఒకటి. ఎందుకు? ఆరేడేళ్ళ పిల్లలకు ఇది నీళ్ళతో చూపించొచ్చు. ఒక లీటరు నీళ్ళు తీసుకుని, ఇది గడ్డిలో ఉన్న శక్తి అనుకోమనండి. అందులో 100 మిల్లీలీటర్లు ఇంకో గ్లాసులో పోయించండి, అది మిడతలకు ఒంటపట్టిన వాటా. అందులోంచి 10 మిల్లీలీటర్లు కప్పకు. పాముకు 1 మిల్లీలీటరు, అంటే సుమారు ఇరవై చుక్కలు. గద్ద వంతుకు రెండు చుక్కలు మిగులుతాయి. ప్రతి మెట్టు దగ్గరా దాదాపు పదో వంతే పైకి పోతుందనేది మోటు లెక్క. ఒక్కో చోట ఒక్కోలా మారుతుంది. రేమండ్ లిండెమన్ అనే అమెరికన్ యువకుడు మిన్నెసోటాలోని ఒక చిన్న చెరువు మీద ఏళ్ళ తరబడి కూర్చుని ఈ శక్తి లెక్కల్ని కట్టాడు. ఆ వ్యాసం 1942లో అచ్చయ్యే నాటికి అతను లేడు, 27 ఏళ్ళు నిండకుండానే చనిపోయాడు.

మిగతా నీళ్ళు ఏమైనట్టు అని పిల్లలు తప్పక అడుగుతారు. అడగాలి కూడా. వాళ్ళ అరచేతిని వాళ్ళ ఛాతీ మీదే పెట్టించండి. వెచ్చగా ఉందా? తిన్నదాంట్లో చాలా భాగం అలా వేడిగా పోయింది, గెంతడానికి, గాలి పీల్చడానికి ఖర్చయింది. కొంత అరగక బయటికి పోయింది. అదీ వృథా కాదు, ఎదురుచూసేవాళ్ళు ఉన్నారు.

అరిగించుకుని తినేవాళ్ళు

వాళ్ళే రాయి కింద కనబడ్డ తెల్లదారాల వాళ్ళు. పిల్లల దృష్టిలో ఆకు కుళ్ళడం అంటే దానంతటదే జరిగిపోయేది. పాతబడింది, పాడైంది, అంతే. కుళ్ళడం అంటే ఎవరో తినడమని వాళ్ళకు తట్టదు, ఎందుకంటే తినేవాళ్ళు కనబడరు. మనం తిని అరిగించుకుంటాం. బూజు ముందు అరిగించుకుని తర్వాత తింటుంది. తన రసాలను ఆకు మీదికి వదిలి, అది కరిగాక పీల్చుకుంటుంది. ఈ తేడా చెప్పినప్పుడు మా పాప చాలాసేపు ఆ ఆకునే చూస్తూ కూర్చుంది. "అంటే దీని పొట్ట బయట ఉందా?" అని అడిగింది. అంతకంటే బాగా నేను చెప్పలేను.

దీన్ని కళ్ళారా చూడాలంటే పెద్ద ఏర్పాటేమీ అక్కర్లేదు. ఒకే చెట్టు ఆకులు రెండు తీసుకుని ఒకటి తడి మట్టిలో, ఒకటి పొడిగా కిటికీ గట్టు మీద పెట్టండి. మట్టిలోనే పక్కన ఒక ప్లాస్టిక్ ముక్క కూడా పాతండి. వారానికోసారి తీసి చూసి, బొమ్మ వేయించి, మళ్ళీ పాతండి. కొన్ని వారాలకు మట్టిలోని ఆకు జల్లెడలా మారుతుంది, గట్టు మీది ఆకు పెళపెళలాడుతూ అలాగే ఉంటుంది, ప్లాస్టిక్ ముక్క మీద గీత కూడా పడదు. ఎందుకో మీరు చెప్పకండి. "ఎవరికి నచ్చింది? ఎవరికి నచ్చలేదు?" అని మాత్రం అడగండి. చివర్లో చేతులు కడిగించడం మరవొద్దు.

వానపాముల గురించి ఒక్కమాట. చార్లెస్ డార్విన్ తన చివరి పుస్తకం, 1881లో వచ్చింది, మొత్తం వానపాముల మీదే రాశాడు. అవి ఆకుల్ని నేలలోకి ఎలా లాక్కుంటాయి, మట్టిని ఎలా తిరగేస్తాయి అని ఏళ్ళ తరబడి గమనించాడు. చూడగానే ఛీ అనిపించే ప్రాణి మీద అంత పెద్దమనిషి అంతకాలం మనసు పెట్టాడని పిల్లలకు తప్పక చెబుతాను. చెప్పినప్పటినుంచి మా ఇంట్లో ఎవరూ ఛీ అనడం లేదు.

ఒకదాన్ని కదిపితే ఎక్కడో ఇంకొకటి

పెద్దవాళ్ళకు కూడా కష్టమైన భాగం ఇది. పులి జింకను తింటుందని అందరికీ తెలుసు. పులి పోతే గడ్డికి ఏమవుతుందని అడిగితే ఆలోచించాలి. మధ్యలో ఒకరుండి, ఆ చివరివాళ్ళకు జరిగే మంచిచెడ్డలు ఇవి. పిల్లలు పక్కపక్కన ఉన్న రెండింటిని సులువుగా కలుపుతారు, మూడోదాని దగ్గర గొలుసు తెగిపోతుంది.

దీనికి డార్విన్ 1859లో ఇచ్చిన ఉదాహరణ ఇప్పటికీ పిల్లలకు నచ్చుతుంది. పిల్లులు ఎక్కువున్న ఊళ్ళ దగ్గర ఎలకలు తక్కువ. ఎలకలు తక్కువైతే నేలలో గూళ్ళు కట్టుకునే పెద్ద తేనెటీగలకు ఊపిరి తిరుగుతుంది, ఎందుకంటే ఆ గూళ్ళను పాడుచేసేది ఎలకలే. తేనెటీగలు బాగుంటే ఎర్ర క్లోవర్ పూలు బాగా కాస్తాయి. పిల్లికీ పువ్వుకీ చుట్టరికం! పిల్లల్ని పిల్లి, ఎలక, తేనెటీగ, పువ్వుగా నిలబెట్టి ఒక దారం అందరి చేతుల్లోంచి లాగించి, ఒకరిని దారం గుంజమనండి. ఆఖరివాళ్ళ చెయ్యి కదులుతుంది.

సముద్రపు ఒడ్డున రాళ్ళ మీద దీన్ని పరీక్షించి చూసినవాడు రాబర్ట్ పెయిన్. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో, 1963 నుంచి, ఒక చోట ఉన్న నక్షత్ర చేపల్ని ఏరి ఏరి సముద్రంలోకి విసిరేశాడు. పక్కనే ఇంకో చోట ముట్టుకోకుండా వదిలేశాడు. విసిరేసిన చోట రాళ్ళనంతా ఒకే రకం ఆల్చిప్పలు ఆక్రమించేశాయి. మొదట 15 రకాల జీవులుంటే మిగిలినవి 8. అంతకుముందు ఆ ఆల్చిప్పల్ని తింటూ మిగతావాళ్ళకు చోటు ఉంచింది నక్షత్ర చేపే. తినేవాళ్ళంతా చెడ్డవాళ్ళు అనుకునే పిల్లలకు ఈ కథ అవసరం.

అంత దూరం వెళ్ళకుండానే చూడగలిగేది ఒకటుంది. లేత కొమ్మ మీద పేనుబంక పట్టిందేమో వెతకండి. రసం పీల్చే ఆ చిన్న పురుగులు తియ్యటి జిగురు వదులుతాయి. చీమలు వచ్చి మీసాలతో వాటి వెనక తట్టి ఆ జిగురు తాగుతాయి. ఇంతలో చుక్కలున్న అక్షింతల పురుగు పేనుబంకను తినడానికి వస్తే చీమలు తరిమికొడతాయి. మొక్కకు మిత్రుడెవరు, శత్రువెవరు? చీమ పేనుబంకకు కాపలా, మొక్కకు బెడద. అదే చీమ ఇంకోచోట మొక్కను తినే గొంగళిపురుగును ఎత్తుకుపోతుంది. భూతద్దం పట్టుకుని పావుగంట కూర్చుంటే పిల్లలే వాదించుకుంటారు.

భయపెట్టకుండా, అబద్ధం చెప్పకుండా

సాలెగూటిలో ఈగ చిక్కుకుంది. పిల్ల ఏడుపు మొహంతో విడిపించమంటుంది. ఏం చెయ్యాలి? నేను విడిపించను. పక్కన కూర్చుంటాను. సాలీడు కూడా ఆకలితో ఉందని, గూడు అల్లడానికి దానికి చాలా పని పట్టిందని చెబుతాను. ఈగ కోసం బాధపడటం తప్పని మాత్రం ఎప్పుడూ అనను. ఆ జాలి ఉండాలి. దాంతోపాటు సాలీడు దుర్మార్గురాలు కాదన్న సంగతీ తెలియాలి. రెండూ ఒకే మనసులో ఇముడుతాయి, పిల్లల మనసు మనం అనుకున్నంత ఇరుకు కాదు.

ఇంకో పక్క, నాలుగేళ్ళ పిల్లకు అడవులు తగలబడుతున్నాయి, జంతువులు అంతరించిపోతున్నాయి అని మొదలుపెట్టడం నాకు ఇష్టం లేదు. అమెరికన్ విద్యావేత్త డేవిడ్ సోబెల్ 1990ల్లోనే దీని గురించి హెచ్చరించాడు. ఇంకా పరిచయమే లేని ప్రకృతి గురించి ముందే విషాదం చెబితే పిల్లలు దగ్గరవ్వకపోగా దూరం జరుగుతారు అన్నాడు. వాళ్ళేమీ చెయ్యలేని పెద్ద టెన్షన్‌ను వాళ్ళ నెత్తిన పెట్టినట్టే అవుతుంది. ముందు స్నేహం కానివ్వండి, చెడ్డ కబుర్లు ఎనిమిది తొమ్మిదేళ్ళకు చెప్పొచ్చు. అడిగితే మాత్రం ఏ వయసులోనైనా నిజమే చెప్పాలి, చిన్నగా చెప్పాలి.

'ప్రకృతిలో అన్నీ సమతూకంలో ఉంటాయి' అన్న మాట కూడా తగ్గించి వాడతాను. వినడానికి బాగుంటుంది గానీ, వరద వస్తుంది, కరువు వస్తుంది, కొత్త జీవి వలస వస్తుంది, లెక్కలు మారుతూనే ఉంటాయి. మారుతూ ఉండటమే దాని పద్ధతి.

పిల్లలు తమను ఈ బొమ్మలో గీసుకోరు, అది గమనించారా? చెట్టు, పక్షి, చేప గీస్తారు, తాము బయట నిలబడి చూస్తారు. అప్పుడు వాళ్ళ పొట్ట గురించి చెప్పండి. మన ఒంట్లో మన కణాలు ఎన్నున్నాయో, బ్యాక్టీరియా కూడా ఇంచుమించు అన్నే ఉంటాయి, లక్షల కోట్లలో. వాటిలో ఎక్కువ పేగుల్లో ఉంటూ మనకు అరగనిదాన్ని కొంత అరిగించి పెడతాయి. నువ్వే ఒక అడవివి అని చెబితే మా పాప చొక్కా ఎత్తి పొట్టకు హలో చెప్పింది.

ఒకే చోటుకు మళ్ళీ మళ్ళీ

కొత్త కొత్త చోట్లకు తిప్పడం కంటే ఒక్క చోటుకు పదిసార్లు వెళ్ళడమే మేలని నా అనుభవం. రాయి, చెట్టు మొదలు, నీటి గుంట, ఏదైనా సరే. బయటికి వెళ్ళే వీలు లేకపోతే మూత ఉన్న గాజు సీసాలో తడి మట్టి, నాచు వేసి మూసి, వెలుతురు పడే చోట పెట్టండి, నేరుగా ఎండలో మాత్రం వద్దు. 1829 ప్రాంతంలో నథానియల్ వార్డ్ అనే లండన్ డాక్టర్ ఒక గూటిలోంచి రెక్కల పురుగు బయటికి వస్తుందేమో చూద్దామని ఆ గూటిని తడి మట్టితో సీసాలో మూసిపెట్టాడు. బొగ్గు పొగకు అతని తోటలో ఫెర్న్ మొక్కలు బతకడం లేదు. ఆ మూసిన సీసాలో మాత్రం ఎవరూ నాటకుండానే ఒక ఫెర్న్, కాస్త గడ్డి మొలిచాయి. నీరు ఆవిరై గాజుకు అంటి, మళ్ళీ మట్టిలోకి జారడం పిల్లలు రోజూ పొద్దున్నే చూడొచ్చు.

రాయి ఎత్తేటప్పుడు ఒక పద్ధతి ఉంది. రాయి అవతలి అంచును పట్టుకుని మన వైపుకు లేపాలి. అప్పుడు కింద తేలు ఉన్నా, జెర్రి ఉన్నా మనకు అడ్డంగా రాయి ఉంటుంది, అది అటువైపు పోతుంది. ఈ పని పెద్దవాళ్ళే చెయ్యాలి. చూడటం ఒక నిమిషం, అంతకంటే ఎక్కువైతే లోపలి తడి ఆరిపోతుంది. దించేటప్పుడు ముందు పురుగులు పక్కకు తప్పుకోనిచ్చి, రాయిని అదే గుంటలో, అదే పక్క కిందికి ఉండేలా, మెల్లగా పెట్టాలి.

పోయినసారి పెద్ద వాన వెలిసిన మర్నాడు వెళ్ళి ఎత్తితే కింద ఎవరూ లేరు. నీళ్ళు నిలిచిన బురద మాత్రం ఉంది. పాప కంగారుపడి చుట్టూ వెతికింది. వానపాములు నేల మీదే పాకుతూ కనిపించాయి. చీమలు పక్కనే ఉన్న మాను బెరడు పగుళ్ళలోకి వరుస కట్టి ఎక్కుతున్నాయి, నోట్లో ఆ తెల్లటి మూటలతోనే. జెర్రి మాత్రం దొరకలేదు. రాయిని దాని గుంటలో మళ్ళీ పెట్టించాక తను నోట్‌బుక్‌లో రాయి బొమ్మ వేసి, కింద ఖాళీ వదిలి, పక్కన రాసింది: జెర్రి ఎక్కడ?